గాలి లెక్క తేలాకే టవర్ మాట

(విశాఖపట్నంలో జరిగిన అమెచ్యూర్ రేడియో, అంటే లైసెన్సుతో అభిరుచిగా రేడియో సంభాషణ నడిపే హామ్ మిత్రుల సమావేశంలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. టవర్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు బొమ్మలూ స్లైడ్లూ సిద్ధం చేసుకోవాలేమోనని కాసేపు ఆలోచించి, చివరికి ఒక పైపు ముక్కను మాత్రం సంచీలో వేసుకుని వచ్చాను. వెనక వరుసలో కూర్చున్నవారికి కూడా కనిపించేలా ఎత్తి పట్టుకుంటాను, చూడండి. ఇది ఒకటిన్నర అంగుళాల బి క్లాసు, అంటే మధ్యస్థ మందపు, జింకు పూత జిఐ పైపు. మా పెరట్లోని 15 మీటర్ల టవర్ తల మీద మూడు ఎలిమెంట్ల, అంటే మూడు అడ్డ గొట్టాల, యాగీ యాంటెన్నాను మోసిన మాస్టు ఇదే. 2014 అక్టోబరు 12, ఆదివారం ఉదయం వరకు ఇది తిన్నగా ఉండేది. హుద్‌హుద్ తుపాను తీరం దాటి, గాలి తెరిపి ఇచ్చి, మేము తలుపు తీసుకుని పెరట్లోకి వచ్చేసరికి టవర్ ఎక్కడిదక్కడే నిలబడి ఉంది కానీ, దాని కొసన ఈ పైపు గొడుగు పిడిలా వంగిపోయి యాంటెన్నా తలకిందులుగా వేలాడుతోంది.

నేను వృత్తిరీత్యా కట్టడాల ఇంజనీరును. హోర్డింగులకూ, షెడ్లకూ, ఓవర్‌హెడ్ ట్యాంకులకూ ఏళ్ల తరబడి గాలి లెక్కలు కట్టి సంతకాలు పెట్టినవాణ్ని. అటువంటివాణ్ని సొంత టవర్ దగ్గరికి వచ్చేసరికి, దానితోపాటు వచ్చిన కాగితంలోని ఒక్క అంకెను నమ్మి ఊరుకున్నాను. ఆ అంకె గురించే ఈ రోజు ముఖ్యంగా మాట్లాడదలచుకున్నాను.

టవర్ కొనబోయిన ప్రతివారికీ మొదట కనిపించే మాట “ఇన్ని చదరపు అడుగుల యాంటెన్నాను మోస్తుంది” అన్నది. పది చదరపు అడుగులన్నారనుకుందాం. మన యాంటెన్నా గాలికి ఎదురయ్యే వైశాల్యం అయిదు చదరపు అడుగులే కదా, ఇంకా సగం మిగిలింది, దాని పైన మరొకటి కూడా పెట్టుకోవచ్చు అని మనసు లెక్క వేసేస్తుంది. కానీ ఏ వేగపు గాలిలో పది చదరపు అడుగులు? ఆ వేగం చెప్పకుండా వైశాల్యం మాత్రం చెప్పడం, బస్సు ఎంతమందిని ఎక్కించుకుంటుందో చెప్పి ఏ ఊరు వెళుతుందో చెప్పకపోవడం వంటిది.

గాలి ఒత్తిడి వేగాన్ని బట్టి నేరుగా పెరగదు, వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మన దేశంలో దీనికి ఆధారం కట్టడాల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం. అందులోని సూత్రం చాలా చిన్నది: సెకనుకు మీటర్లలో ఉన్న వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఇన్ని న్యూటన్లని ఒత్తిడి వస్తుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 25 మీటర్లు. దాని ఒత్తిడి 375 న్యూటన్లు, అంటే చదరపు మీటరు మీద దాదాపు 38 కిలోల బరువు. వేగం రెట్టింపై 180 కిలోమీటర్లయితే ఒత్తిడి నాలుగు రెట్లై 1500 న్యూటన్లవుతుంది, 153 కిలోలు. 90 కిలోమీటర్ల గాలికి చలించకుండా నిలబడిన టవర్‌ను చూసి “మాది గట్టిది” అనుకునేవారు, 180కి అది రెండింతలు గట్టిదైతే చాలనుకోవడం సహజం. నాలుగింతలు కావాలి.

అదే ప్రమాణంలో మన ఊళ్లకు ప్రాథమిక గాలి వేగాలు ఇచ్చారు. విశాఖపట్నానికి, విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, బెంగళూరుకు 33. బెంగళూరులో ఒక మిత్రుడు పన్నెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్న టవర్ నమూనాను తెచ్చి ఇక్కడ మన డాల్ఫిన్ నోస్ కొండ ఎదురుగా నిలబెడితే, దాని మీద పడేది అక్కడి ఒత్తిడికి రెండు రెట్లకు పైమాటే. ఈ అంకెలు పది మీటర్ల ఎత్తులో, పెద్దగా అడ్డులేని బయలు ప్రదేశంలో, మూడు సెకన్ల విసురుకు సంబంధించినవి. సగటున 50 ఏళ్లకు ఒకసారి వచ్చే గాలికి లెక్క కట్టినవి. 50 ఏళ్లకు ఒకసారి అనగానే అది మన మనవల కాలం నాటి సంగతి అని తేలికపడవద్దు. ఏటా నూటికి రెండు వంతుల అవకాశమున్న గాలి 50 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చి తీరే అవకాశం నూటికి 63 వంతులకు పైగా ఉంటుంది.

ఇప్పుడు మూడు సెకన్ల విసురు అన్నమాట దగ్గర ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. తుపాను బులెటిన్లలో మన వాతావరణ శాఖ చెప్పే నిలకడ గాలి మూడు నిమిషాల సగటు. అమెరికా వాతావరణ కేంద్రాలు చెప్పేది ఒక నిమిషం సగటు. మన కట్టడాల ప్రమాణం చెప్పేది మూడు సెకన్ల విసురు. ఒకే గాలికి ఈ మూడు కొలతలూ మూడు అంకెలు ఇస్తాయి. సగటు తీసే వ్యవధి ఎంత చిన్నదైతే అంకె అంత పెద్దది. హుద్‌హుద్ నిలకడ గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్లని చెప్పారు. అది అంకెలో సరిగ్గా మన ప్రమాణపు 50 మీటర్లతో సమానం. కానీ రెండూ ఒకే గజంతో కొలిచినవి కావు. మూడు నిమిషాల సగటు 180 అయిన చోట విసురు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నగరంలో ప్రతి మేడ మీదా అంత గాలి వీచిందని నేననను. కానీ “50 మీటర్లకు కట్టాం, హుద్‌హుద్‌కు సరిపోతుంది” అన్న లెక్క మాత్రం నిలబడదు.

అమెరికా నుంచి తెప్పించుకున్న టవర్లకు, లేదా అక్కడి కొలతలు చూసి ఇక్కడ వెల్డింగ్ షాపులో చేయించుకున్న టవర్లకు ఇంకో చిక్కుంది. అక్కడి టవర్ల ప్రమాణం పేరు టిఐఏ 222. దాని ఎఫ్ కూర్పు వరకు వేగాన్ని ఒక మైలు పొడవు గాలి దాటిపోవడానికి పట్టిన కాలంతో కొలిచేవారు. 2005లో వచ్చిన జి కూర్పుతో వారు కూడా మూడు సెకన్ల విసురుకు మారారు. పాత కొలతలో గంటకు 70 మైళ్లంటే, గాలి మైలు దాటడానికి 51 సెకన్లు పడుతుంది కాబట్టి, అది 51 సెకన్ల సగటు. విసురు లెక్కలో అదే గాలి దాదాపు 85 మైళ్లు, అంటే సెకనుకు 38 మీటర్లు. పాత కేటలాగుల్లో కనిపించే 70 మైళ్ల అంకె మన భాషలో 38 మీటర్లన్నమాట. మనకు కావలసింది 50.

మరి పది చదరపు అడుగుల టవర్ విశాఖలో ఎన్ని చదరపు అడుగులు మోస్తుంది? 38ని 50తో భాగించి వర్గం చేస్తే 0.58 వస్తుంది కాబట్టి ఆరు చదరపు అడుగులకు కాస్త తక్కువ అని చాలామంది చెబుతారు. అది కూడా తప్పే. టవర్ తన ఒంటి మీద పడే గాలిని కూడా మోయాలి కదా. ఉదాహరణకు ఒక టవర్ బలంలో సగం తనకే ఖర్చై, మిగిలిన సగం యాంటెన్నాకు దక్కుతోందనుకుందాం. అంటే మొత్తం 20 వంతుల్లో టవర్‌కు 10, యాంటెన్నాకు 10. మన గాలిలో ఆ మొత్తం 20 కాస్తా పదకొండున్నరకు పడిపోతుంది. టవర్ వాటా మాత్రం అదే 10. యాంటెన్నాకు మిగిలింది ఒకటిన్నర. పది చదరపు అడుగుల టవర్ మీద మా ఊళ్లో రెండు మీటర్ల బ్యాండు చిన్న యాంటెన్నా ఒక్కటి పెట్టుకుని సరిపెట్టుకోవాలని ఈ లెక్క చెబుతుంది.

యాంటెన్నా తయారీదారులు చెప్పే వైశాల్యం కూడా అందరిదీ ఒకటి కాదు. గుండ్రని గొట్టం మీద గాలి పట్టు, అంతే వెడల్పున్న చదును పలక మీద పట్టులో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది. కొందరు గొట్టం నిలువు నీడ ఎంతో అంతే చెబుతారు, కొందరు దాన్ని మూడింట రెండు వంతులకు తగ్గించి చెబుతారు. టేపు పట్టుకుని కొలుచుకోవడమే నాకు తెలిసిన నమ్మకమైన దారి: ప్రతి ఎలిమెంటు పొడవును దాని సగటు మందంతో గుణించి కూడండి, ఎలిమెంట్లను మోసే నడిమి గొట్టం బూమ్‌ను విడిగా లెక్కించండి. ఈ రెండింటినీ కలపనక్కరలేదు. ఎలిమెంట్లకు అడ్డంగా వచ్చే గాలి బూమ్ వెంట జారిపోతుంది, బూమ్‌కు అడ్డంగా వచ్చేది ఎలిమెంట్ల వెంట జారిపోతుంది. రెండింటిలో పెద్దదాన్ని తీసుకుంటే చాలు. తక్కువదాన్ని గాలివైపు తిప్పి పెడతామనే ఆలోచన మాత్రం తుపానులో పనికిరాదు. తుపాను కన్ను మీదుగా పోయినచోట మొదట ఒకవైపు నుంచి కొట్టి, కాసేపు నిశ్శబ్దమై, తర్వాత ఎదురువైపు నుంచి కొడుతుంది. ఈ నగరంలో ఉన్నవాళ్లకు నేను చెప్పాలా!

నా పైపు సంగతికి వస్తాను. నా యాగీకి ఎదురుగా కనిపించే గొట్టాల వైశాల్యం అర చదరపు మీటరు. 15 మీటర్ల ఎత్తులో, బయలు ప్రదేశంలో, వేగాన్ని 1.05తో గుణించాలి, 52.5 మీటర్లవుతుంది. ఒత్తిడి సుమారు 1650 న్యూటన్లు. గుండ్రని గొట్టానికి గాలి పట్టు గుణకం 1.2. మొత్తం బలం దాదాపు వెయ్యి న్యూటన్లు, అంటే నూరు కిలోలు. ఒక బస్తా బియ్యం పాతిక కిలోలనుకుంటే నాలుగు బస్తాలు. ఆ నూరు కిలోలు యాంటెన్నా మీదికి దిగడం లేదు, అడ్డంగా నెడుతోంది. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, భవిష్యత్తులో కింద ఇంకో యాంటెన్నా పెట్టుకుందామన్న ఆశతో, టవర్ కొసన మాస్టును పట్టి ఉంచే పై బేరింగు నుంచి దాన్ని ఒకటిన్నర మీటర్లు పైకి లేపి ఆ చివర యాగీని బిగించాను. వెయ్యి న్యూటన్లు, ఒకటిన్నర మీటర్ల చేయి. బేరింగు దగ్గర బెండింగ్ మొమెంట్, అంటే వంచే శక్తి, 1500 న్యూటన్ మీటర్లు. ఈ పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు, గోడ మందం 3.2. లెక్క వేస్తే లోహంలో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 310 న్యూటన్ల చుట్టుపక్కల తేలుతుంది. ఇటువంటి మామూలు ఉక్కు 210, 240 దగ్గరే లొంగిపోతుంది. మిగతాది మీరు చూస్తూనే ఉన్నారు: వంపు బేరింగుకు పైన సరిగ్గా బెత్తెడు దూరంలో మొదలైంది.

అదే యాంటెన్నాను అదే పైపు మీద బేరింగుకు 60 సెంటీమీటర్ల ఎత్తులో బిగించి ఉంటే ఒత్తిడి 125కు మించేది కాదు, ఈ పైపు ముక్క ఇవాళ నా చేతిలో ఉండేది కాదు. లేదా ఇంకా మందమైన రెండంగుళాల సి క్లాసు పైపు వాడి ఉంటే ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కూడా 146 వచ్చేది. ధరలో తేడా ఆ రోజుల్లో కుటుంబమంతా కలిసి ఒక పూట హోటలు భోజనం చేసినంత. టవర్‌కు లక్షలు పెట్టేవారు కూడా మాస్టు పైపును పాత ఇనుప సామాను దుకాణంలో వెతకడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. మరో మాట: నేను చెప్పిన ఈ బలాలన్నీ నికరమైనవి, వీటి మీద డిజైనులో ఒకటిన్నర రెట్ల భద్రతా గుణకం వేస్తారు. అది కూడా కలిపితే 146 కాస్తా 219 అవుతుంది, రెండంగుళాల పైపు కూడా అంచుల మీదికే వస్తుంది.

పునాది గురించి కూడా అదే పద్ధతిలో అంకెలతోనే మాట్లాడుకుందాం. నేల మీద, చుట్టూ లాగి పట్టే గై వైర్లు లేకుండా తనంతట తాను నిలబడే 15 మీటర్ల టవర్‌ను తీసుకోండి, మూడు కాళ్లు, ఒక్కొక్కటి 32 మిల్లీమీటర్ల గొట్టం. అడ్డకడ్డీలను వదిలేసి, మూడో కాలు ముందు వాటి చాటున ఉందని మినహాయించి రెండు కాళ్లనే లెక్కించినా గాలికి ఎదురయ్యే వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు, యాంటెన్నాకు రెండింతలు. దాని వల్ల అడుగున పడదోసే మొమెంట్ సుమారు 13,000 న్యూటన్ మీటర్లు, పదహారు మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నా వల్ల 16,000; కలిపి 29,000. ఇప్పుడు తాపీమేస్త్రీ మామూలుగా తవ్వే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యిని చూడండి. అందులో పోసే కాంక్రీటు 2400 కిలోలు. అంత బరువైనా, అంచు మీద పక్కకు ఒరిగే దగ్గర అది ఎదిరించగలిగేది 12,000 న్యూటన్ మీటర్లే. చుట్టూ ఉన్న మట్టి కొంత ఆదుకుంటుంది, కానీ తుపానులో ఆ మట్టి రెండు రోజులుగా నాని ఉంటుందని మరచిపోకూడదు. గొయ్యిని అన్ని వైపులా ఒకటిన్నర మీటర్లు చేస్తే ఎదిరించే శక్తి దాదాపు 60,000 అవుతుంది. కాంక్రీటు ఖర్చు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది, నిజమే. బలం అయిదు రెట్లు పెరుగుతుంది.

అపార్టుమెంటు స్లాబుల మీద టవర్ పెట్టుకునేవారి సంగతి వేరు. ఇందులో మొదటి పొరపాటు ఎత్తును స్లాబు నుంచి కొలవడం. గాలికి మీ స్లాబుతో పని లేదు. నేల నుంచి కొలిస్తే నాలుగంతస్తుల మేడ మీది ఆరు మీటర్ల మాస్టు కొస ఇరవై మీటర్లకు దగ్గరలో ఉంటుంది. సీతమ్మధార వైపో, కైలాసగిరి వైపో కొండవాలున ఇల్లున్నవారికి ప్రమాణం ఇంకో గుణకాన్ని జోడిస్తుంది, అది కొండ శిఖరం దగ్గర 1.36 వరకు వెళ్లగలదు. 1.2 వేసుకున్నా బలం 1.44 రెట్లు.

రెండో పొరపాటు గై వైర్లను పిట్టగోడకు కట్టడం. మన మేడల మీది పిట్టగోడ ఎక్కువగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. దాన్ని కట్టింది పిల్లలు కింద పడకుండా, పక్కింటివాళ్లు తొంగిచూడకుండా, లాగుడుకు కట్టలేదు. పైగా మేడ మీద చోటు ఇరుకు కాబట్టి వైరు నిట్టనిలువుగా దిగుతుంది. నేల మీద గై వేసేవారు టవర్ ఎత్తులో 80 శాతం దూరంలో యాంకర్ వేయాలంటారు. ఆ దూరం 30 శాతానికి తగ్గిందనుకోండి, వెయ్యి న్యూటన్ల అడ్డబలాన్ని ఆపడానికి వైరులో దాదాపు 3500 న్యూటన్ల బిగువు రావాలి, అందులో 3300 టవర్‌ను కిందికి, స్లాబులోకి నొక్కుతుంది. గై వైర్లున్న టవర్లు చాలాసార్లు వైరు తెగి పడవు. వైర్లు నిలిచి, మధ్యలో సన్నని కాళ్లు ఈ నొక్కుడుకు నలిగి పడతాయి. గై యాంకర్లను స్లాబు కింది దూలాలకు, స్తంభాల తలలకు పట్టించాలి. అవి ఎక్కడున్నాయో తెలియనప్పుడు ఆ మేడ మీద టవర్ వద్దు, తీగతో చేసే డైపోల్ యాంటెన్నా వేసుకోండి. రెండు మిల్లీమీటర్ల తీగ పది మీటర్లు సాగినా గాలికి ఎదురయ్యేది అరచేయంత రెండు మూడు ముక్కలే.

ఇక అందరికీ కాస్త ఇబ్బందికరమైన విషయం. 2015లో సవరించిన మన ప్రమాణం తూర్పు తీరం వెంట 60 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీలో, తుపాను తర్వాత పనిచేయవలసిన కట్టడాలకు వేగాన్ని 1.3తో గుణించమంటుంది. మిగతా మామూలు కట్టడాలకు ఆ గుణకం 1 మాత్రమే. మన టవర్లు ఏ కోవలోకి వస్తాయి? లైసెన్సు తీసుకున్నప్పటి నుంచి మనం ఆపత్కాలంలో సమాచారం అందించేవాళ్లమని చెప్పుకుంటున్నాం. హుద్‌హుద్ తర్వాత సెల్ టవర్లు, కరెంటు పోయిన రోజుల్లో హామ్‌లు సందేశాలు అందించిన మాటా నిజమే. అలాంటప్పుడు మన టవర్ మామూలు కట్టడమని తగ్గించి లెక్క వేసుకోవడం నాకు న్యాయంగా తోచదు. 50ని 1.3తో గుణిస్తే 65 మీటర్లు. ఒత్తిడి 2500 న్యూటన్ల పైచిలుకు, అంటే 1.69 రెట్లు. ఆ బలానికి 15 మీటర్ల టవర్ కట్టడం సాధ్యమే కానీ మనలో చాలామంది జేబులకు సాధ్యం కాదు.

అందుకని నేను పదేళ్లుగా అనుసరిస్తున్న దారి ఇది: నిలబడి ఉన్నప్పుడు మామూలు ఈదురుగాలులకు తట్టుకునేలా, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పడుకోబెట్టేలా టవర్‌ను ఎంచుకోవడం. నా ఇప్పటి టవర్ 12 మీటర్లు. 20 మీటర్ల బ్యాండుకు సగం తరంగదైర్ఘ్యం పదిన్నర మీటర్లే కాబట్టి దూరదేశాల సంభాషణకు ఆ ఎత్తు చాలు. ఆ పై మూడు మీటర్లు నాకు గర్వాన్నిచ్చాయే తప్ప వినికిడిలో పెద్ద తేడా తేలేదు. అడుగున కీలు, పక్కన పొట్టి స్తంభం, దాని మీద చేతితో తిప్పే వించి. ఇద్దరం కలిస్తే అరగంటలో నేలకు దిగుతుంది. ఈ రకం టవర్ కొనేవారు ఒక్క సంగతి చూసుకోవాలి: దీనికి అత్యంత కష్టం గాలిలో కాదు, నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు, యాంటెన్నా బరువంతా చివరన వేలాడే ఆ క్షణంలో ఎదురవుతుంది. వించి తాడు, కీలు బోల్టు ఆ బరువుకు లెక్క కట్టినవేనా అని అడిగి తెలుసుకోండి. గాలి మొదలయ్యాక దించే ప్రయత్నం చేయవద్దు. హెచ్చరిక వచ్చిన మొదటి సాయంత్రం, ఆకు కదలనప్పుడే దించాలి. పొరుగువారు మన తొందరను చూసి నవ్వినా సరే.

టెలిస్కోపు లాగా ఒకదానిలో ఒకటి దూరే టవర్లూ ఉన్నాయి. పూర్తిగా ముడిచినప్పటి సామర్థ్యాన్ని పెద్ద అక్షరాల్లోనూ, చాచినప్పటిది చిన్న అక్షరాల్లోనూ ముద్రిస్తారు; చదివేటప్పుడు ఆ క్రమాన్ని మార్చుకుని చదవండి. సముద్రపు ఉప్పుగాలిలో పెయింటు వేసిన వెల్డింగ్ టవర్ కాళ్ల లోపల నుంచి తుప్పు పడుతుంది, బయటికి కనిపించదు. వేడి జింకులో ముంచినదే తీసుకోండి. అయిదేళ్ల తర్వాత కాళ్ల అడుగున చిన్న సుత్తితో కొట్టి వినండి, మోత మారుతుంది.

ప్రశ్నలు అడగబోయేవారు తమ ఊరి గాలి వేగం, టవర్ ఎత్తు, యాంటెన్నాను టేపుతో కొలిచిన వైశాల్యం ఒక కాగితం మీద రాసి ఇస్తే, భోజన విరామంలో కూర్చుని లెక్క వేసి చూపిస్తాను. ఈలోగా ఈ పైపు ముక్కను మొదటి వరుస నుంచి పంపుతున్నాను. లోపలి వంపు దగ్గర లోహం ముడతపడి, పైన జింకు పూత చేప పొలుసుల్లా లేచి ఉంది. వేలు కోసుకుపోకుండా నెమ్మదిగా తడిమి చూసి పక్కవారికి అందించండి.